చలికి బండి కూడా రెండు ముద్దలు ఎక్కువ తింటుంది!

నవంబరు వచ్చిందంటే మా ఫార్గోలో నలుగురు తెలుగువాళ్లు కలిసిన చోట రెండు కబుర్లు ఖాయం. ఒకటి, డిసెంబరులో ఇండియా టికెట్ల ధరలు. రెండోది, ‘మా బండి మైలేజ్ ఒక్కసారిగా పడిపోయిందండీ’ అన్న దిగులు. మొదటిదానికి నా దగ్గర మందు లేదు. రెండోదాని గురించి మాత్రం కాస్త చెప్పగలను. ఎనిమిది చలికాలాలుగా పికప్ ట్రక్కు నడుపుతున్నాను. పెట్రోలు పోయించిన ప్రతిసారీ ఎన్ని మైళ్లు తిరిగిందో, ఎన్ని గ్యాలన్లు పట్టిందో ఒక చిన్న పుస్తకంలో రాసి పెట్టుకుంటాను. ఇది మా నాన్న దగ్గర్నుంచి వచ్చిన అలవాటు. ఆయన తన స్కూటరుకి పాతికేళ్లు అలాగే రాశారు.

ఫార్గో ఎక్కడుందో తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. కెనడాకి ఆనుకుని ఉన్న నార్త్ డకోటా రాష్ట్రంలో ఇదే పెద్ద ఊరు. రెడ్ రివర్‌కి ఈవల ఫార్గో, ఆవల మిన్నెసోటా రాష్ట్రం. యూనివర్సిటీ ఉంది, మైక్రోసాఫ్ట్ క్యాంపస్ ఉంది, కాబట్టి మనవాళ్లూ ఉన్నారు. చుట్టూ మన డెల్టాలాగే బల్లపరుపు నల్లనేల. వరికి బదులు చక్కెర దుంప, సోయా, గోధుమ. కొండ అన్నది కనుచూపు మేరలో ఉండదు, గాలికి అడ్డూ ఉండదు. జనవరి రాత్రుల సగటు ఉష్ణోగ్రత మైనస్ 16, 17 డిగ్రీల సెల్సియస్. మైనస్ 30కి దిగడం కూడా ఇక్కడ పెద్ద వార్తేమీ కాదు.

రైతులు ధాన్యం నిలవ చేసే పెద్ద పెద్ద ఉక్కు గాదెల్లో వేడినీ తేమనీ కొలిచే సెన్సర్లు బిగించడం, పాడైతే బాగు చేయడం నా ఉద్యోగం. నిచ్చెన, కేబుల్ చుట్టలు, పనిముట్ల పెట్టె వెంట ఉండాల్సిందే. అందుకే ఫోర్డ్ ఎఫ్-150. అమెరికాలో 1977 నుంచి ఏటా ఎక్కువగా అమ్ముడవుతున్న ట్రక్కులు ఈ ఎఫ్ సిరీసువే. మన బొలెరో పికప్‌ని ఊహించుకోకండి. ఇది దానికి పెదనాన్న.

వేసవిలో నా బండి గ్యాలన్‌కి 20 మైళ్లు ఇస్తుంది. మన లెక్కలో లీటరుకి 8.5 కిలోమీటర్లు. జనవరిలో 14. అంటే లీటరుకి 6 కిలోమీటర్లు కూడా నికరంగా రావు. నాన్న ఫోన్ చేసినప్పుడల్లా ఆరోగ్యం తర్వాత అడిగే మొదటి ప్రశ్న ‘బండి ఎంతిస్తోంది అమ్మలూ?’ అనే. జనవరిలో నిజం చెప్తే ‘ట్యాంకుకి చిల్లేమైనా పడిందేమో చూపించమ్మా’ అంటారు.

ఇక్కడ ఒక లెక్క చాలామంది పొరబడతారు. 20 నుంచి 14కి పడితే మైలేజ్ 30 శాతం తగ్గినట్టు. కానీ జేబులోంచి అదనంగా పోయేది 30 శాతం కాదు. నెలకి 1000 మైళ్లు తిరిగేవాళ్లకి వేసవిలో 50 గ్యాలన్లు సరిపోతాయి, చలికాలంలో 71 కావాలి. ఖర్చు 40 శాతం పైనే పెరిగింది! గ్యాలన్ 3 డాలర్లు అనుకున్నా నెలకి 60 డాలర్ల పైచిలుకు. ఈ లెక్క చూశాక గుండె ఆగినంత పనవుతుంది. సరిగ్గా ఆ భయం మీదే కొందరు వ్యాపారం చేసుకుంటారు.

1,400 డాలర్ల చీటీ

మొన్నటి ఏడాది డాలస్ నుంచి ఒక కుర్రాడు ఉద్యోగం మారి మా ఊరు వచ్చాడు. అక్కడే సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఎఫ్-150 వెంట తెచ్చుకున్నాడు. జనవరి రెండో వారంలో ఫోన్ చేశాడు.

‘అక్కా, డాలస్‌లో 19 ఇచ్చిన బండి ఇక్కడ 11 ఇస్తోంది. గ్యారేజీలో చూపిస్తే ఆక్సిజన్ సెన్సర్లు మార్చాలి, ఇంజెక్టర్లు క్లీన్ చేయాలి అన్నారు. 1,400 డాలర్లు రాసిచ్చారు. చేయించేయమంటావా?’

ఆ డబ్బు అతనికి చిన్న మొత్తం కాదు. చెల్లెలి పెళ్లికని నెలనెలా ఇంటికి పంపుతున్నాడు.

‘ఆగు తమ్ముడూ. ఇంజిన్ లైట్ ఏమైనా వెలిగిందా?’

‘లేదక్కా.’

‘ఆఫీసు ఎంత దూరం?’

‘మూడు మైళ్లు.’

‘పొద్దున్నే రిమోట్ స్టార్ట్ నొక్కి ఎంతసేపు ఉంచుతున్నావు?’

‘ఇరవై నిమిషాలు. సాయంత్రం వచ్చేటప్పుడూ అంతే. లేకపోతే లోపల కూర్చోలేం కదక్కా!’

నిజమే, కూర్చోలేం. కానీ జబ్బు ఎక్కడుందో ఆ ఒక్క మాటలో దొరికిపోయింది. అమెరికా ఇంధన శాఖ చెప్పే లెక్క ప్రకారం ఊరికే ఆన్ చేసి నిలబెట్టిన బండి ఇంజిన్ సైజుని బట్టి గంటకి పావు నుంచి అర గ్యాలన్ దాకా తాగుతుంది. పికప్‌ది పెద్ద ఇంజిన్ కాబట్టి అరే అనుకుందాం. ఇరవై నిమిషాలు రెండుసార్లు అంటే గ్యాలన్‌లో మూడో వంతు. ఆ పెట్రోలుకి బండి అంగుళం కూడా కదల్లేదు. రాను పోను 6 మైళ్లు చల్లటి ఇంజిన్‌తో 15 మైలేజ్ ఇచ్చిందనుకున్నా ఇంకో 0.4 గ్యాలన్. మొత్తం మీద 6 మైళ్లకి ముప్పాతిక గ్యాలన్. గ్యాలన్‌కి 8 మైళ్లు! వారాంతంలో కాస్త దూరం తిరుగుతాడు గనక సగటు 11కి ఎక్కింది. ఇందులో ఇంజెక్టర్ల పాపం ఏముంది?

ఆటో పార్ట్స్ షాపుల్లో చాలా చోట్ల బండి కంప్యూటర్‌కి రీడర్ తగిలించి డబ్బు తీసుకోకుండానే కోడ్‌లు చూసి పెడతారు. చూపించుకుని రమ్మన్నాను. ఒక్క కోడ్ కూడా లేదు. చీటీ చింపేశాడు.

కొబ్బరినూనె సీసా గుర్తుందా?

ఇంతకీ చలిలో ఇంజిన్‌కి ఏమవుతుంది? మన ఇళ్లలో సంక్రాంతి రోజుల్లో కొబ్బరినూనె సీసా తలకిందులు చేసినా చుక్క రాలదు కదా! ఎండలో పెట్టో, వేడినీళ్లలో ముంచో కరిగించుకుంటాం. బండిలో ఉన్న నూనెలన్నిటికీ ఆ గతే. గడ్డ కట్టకపోయినా ఆముదంలా చిక్కబడతాయి. ఇంజిన్ ఆయిల్ ఒక్కటే అనుకునేరు. గేర్‌బాక్సులో నూనె, వెనక ఇరుసులో నూనె, ఫోర్ వీల్ డ్రైవ్ పికప్ అయితే ముందు ఇరుసులోనూ, రెండు ఇరుసులకీ శక్తి పంచే పెట్టెలోనూ నూనె ఉంటుంది. చిన్న కారుకంటే పికప్‌కి చలి ఎక్కువ తగలడానికి ఇదొక కారణం. అన్ని నూనెల్నీ చిలుకుతూ చక్రం తిరగాలి. పైగా నిలబెట్టి ఇంజిన్ వేడి చేస్తే ఇరుసులో నూనె వేడెక్కదు. అది బండి నడిస్తేనే వేడెక్కుతుంది. రిమోట్ స్టార్ట్ మీద నాకున్న ప్రధానమైన అభ్యంతరం ఇదే.

రెండోది పెట్రోలు సంగతి. పెట్రోలు ఆవిరై గాలితో కలిస్తేనే సరిగ్గా మండుతుంది. గడ్డకట్టిన ఇంజిన్‌లో అది సరిగ్గా ఆవిరి కాదు. అందుకని బండి కంప్యూటర్ మామూలుకంటే ఎక్కువ పెట్రోలు చిమ్ముతుంది. తడికట్టెలతో పొయ్యి వెలిగించేటప్పుడు కాస్త ఎక్కువ కిరసనాయిలు పోసినట్టు. వేడెక్కేదాకా ఇదే వరస. గేర్‌బాక్సు కూడా పై గేర్లకి త్వరగా వెళ్లదు.

మామూలు పెట్రోలు కారుకి ఊళ్లో తిరుగుడులో, 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర వచ్చే మైలేజ్‌తో పోలిస్తే మైనస్ 7 దగ్గర సుమారు 15 శాతం తగ్గుతుందని అమెరికా ఇంధన శాఖ చెబుతుంది. మూడు నాలుగు మైళ్ల చిన్న ప్రయాణాలైతే 24 శాతం దాకా. ఇంజిన్ పూర్తిగా వేడెక్కేలోపే ఆఫీసు వచ్చేస్తుంది, బండి ఆపేస్తాం, సాయంత్రానికి మళ్లీ చల్లబడుతుంది. నా పని రోజుల్లో వంద మైళ్లు ఏకబిగిన నడిపినప్పుడు దెబ్బ తక్కువ. మా ఆయన అదే బండి తీసుకుని పాలకీ, పెరుగుకీ తిరిగిన ఆదివారం చూడాలి మీటరు!

షోరూంలో బండి అద్దానికి అంటించే మైలేజ్ కాగితం సంగతి కూడా చెప్పాలి. అయిదు రకాల పరీక్షల ఆధారంగా వేసే లెక్క అది. వాటిలో చలి పరీక్ష ఒక్కటే, అదీ మైనస్ 7 దగ్గర. మా జనవరిలో మైనస్ 7 అంటే పిల్లలు జాకెట్ గుండీలు విప్పుకుని ఆడుకునే రోజు.

ఆయిల్ డబ్బా మీద 0డబ్ల్యూ-20, 5డబ్ల్యూ-30 అని ఉంటుంది చూడండి. ఆ డబ్ల్యూ అంటే వింటర్. దాని ముందున్న అంకె ఎంత చిన్నదైతే చలిలో అంత పల్చగా ఉంటుంది. 0డబ్ల్యూ రకాన్ని మైనస్ 35 దగ్గర, 5డబ్ల్యూని మైనస్ 30 దగ్గర పరీక్షిస్తారు. బండి పుస్తకంలో ఏది రాసుంటే అదే పోయించండి. చవగ్గా వస్తోందని చిక్కటిది పోయిస్తే నష్టం మనకే.

చిన్న దొంగలు

టైర్లలో గాలి తగ్గడం, చలికాలపు పెట్రోలు, వెనక తొట్టిలో పేరుకున్న మంచు... వీటి గురించి అందరూ గట్టిగా మాట్లాడతారు. నా లెక్కలో ఇవి చిల్లర దొంగలు.

టైర్ల సంగతే చూడండి. ఉష్ణోగ్రత 5, 6 డిగ్రీల సెల్సియస్ తగ్గినప్పుడల్లా సుమారు ఒక పాయింటు గాలి తగ్గుతుంది. వెచ్చటి గ్యారేజీలో 20 డిగ్రీల దగ్గర 35 పాయింట్లు పెట్టిన టైరు బయట మైనస్ 20లో 28 చూపిస్తుంది. పంక్చర్ కాదు, చలి. కానీ ఒక్కో పాయింటుకి మైలేజ్ పోయేది 0.2 శాతమే. 7 పాయింట్లు తగ్గినా ఒకటిన్నర శాతం. గాలి మాత్రం తప్పకుండా పెట్టించుకోవాలి. అయితే అది మైలేజ్ కంటే టైరు అరుగుదల కోసం, మంచు మీద పట్టు కోసం.

పెట్రోలు కూడా మారుతుంది. చలిలోనూ తేలిగ్గా ఆవిరి కావాలని చలికాలపు పెట్రోలులో బ్యూటేన్ పాలు పెంచుతారు. దానివల్ల గ్యాలన్‌లో శక్తి సగటున 1.7 శాతం తగ్గుతుందని అమెరికా పర్యావరణ సంస్థ లెక్క. బంకువాడు మోసం చేశాడని తగాదా పెట్టుకోవాల్సినంత విషయం కాదు.

వెనక తొట్టి నిండా మంచు మోసుకు తిరిగేవాళ్లని చూస్తే మాత్రం నాకు నవ్వొస్తుంది. అయిదున్నర అడుగుల తొట్టిలో ఒకటిన్నర ఘనపు మీటర్లు పడుతుంది. అప్పుడే కురిసిన దూదిలాంటి మంచైనా 150 కిలోలు. నాలుగు రోజులు కూరుకుపోతే దానికి రెట్టింపు. బండి మీద 45 కిలోల బరువుకి మైలేజ్ దాదాపు ఒక శాతం తగ్గుతుంది. పారతో పది నిమిషాల పని. కావాలని ఇసుక బస్తాలు వేసుకునేవాళ్లూ ఉన్నారు. వెనక చక్రాలు జారకుండా అది మంచిదే, వెనక ఇరుసుకి సరిగ్గా పైన వేసుకోవాలి.

గాలి మాత్రం చిన్న దొంగ కాదు. చల్లటి గాలి బరువుగా ఉంటుంది. 25 డిగ్రీలతో పోలిస్తే మైనస్ 7 దగ్గర గాలి సాంద్రత 12 శాతం ఎక్కువ. మైనస్ 30 దగ్గర 22 శాతం. బండిని వెనక్కి నెట్టే బలమూ అంతే పెరుగుతుంది. పికప్ ముఖం చూశారుగా, గోడలా ఉంటుంది. దానికి తోడు మా ఊరి ఈదురుగాలి. 70 మైళ్ల వేగంతో వెళ్తుంటే ఎదురుగాలి 30 మైళ్లు ఉందనుకోండి, బండికి అది 100 మైళ్ల గాలి. గాలి ఒత్తిడి రెండింతలు దాటుతుంది. ఫార్గో నుంచి గ్రాండ్ ఫోర్క్స్ 80 మైళ్లు, నేరుగా ఉత్తరానికి. ఉత్తరగాలి ఉన్న రోజు వెళ్లేటప్పుడు 12, వచ్చేటప్పుడు 18 అని నా పుస్తకంలో ఎన్నిసార్లు రాసుందో! అదే బండి, అదే రోడ్డు, అదే రోజు. ఎదురుగాలి రోజున వేగం 75 నుంచి 65కి తగ్గిస్తే తేడా కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. ఏ మరమ్మతూ అంత తెచ్చిపెట్టదు.

బండికి కరెంటు తీగ

గ్రాండ్ ఫోర్క్స్ పేరు వచ్చింది కాబట్టి ఆ ఊరి ఘనత ఒకటి చెప్పాలి. అక్కడి గ్రామీణ విద్యుత్ సహకార సంఘంలో పనిచేసిన ఆండ్రూ ఫ్రీమన్ అనే ఇంజనీరు 1940లలో ఇంజిన్‌ని కరెంటుతో వెచ్చబెట్టే ‘హెడ్ బోల్ట్ హీటర్’ తయారుచేశాడు. ఇంజిన్ తలకాయకి ఉండే బోల్టుల్లో ఒకటి తీసి దాని స్థానంలో దీన్ని బిగించేవారు. 1949లో పేటెంట్ వచ్చింది. ఇప్పుడు వాడే బ్లాక్ హీటర్లు ఆ వంశంలోవే.

మా ఊళ్లో చాలా బండ్ల ముందు గ్రిల్లులోంచి మూడు కాళ్ల ప్లగ్గు ఒకటి నాలుకలా వేలాడుతూ ఉంటుంది. మొదటి చలికాలం ఆ ఫోటో పంపితే నాన్న ‘బండికి కూడా ఛార్జింగా?’ అని అడిగారు. సెల్‌ఫోన్ ఛార్జింగులాంటిది కాదు నాన్నా, స్నానానికి హీటర్ పెట్టినట్టు అని చెప్పాను. వెంటనే అర్థమైంది.

రాత్రంతా పెట్టి ఉంచక్కర్లేదు. బయల్దేరడానికి రెండు మూడు గంటల ముందు ఆన్ అయ్యేలా టైమర్ పెడితే చాలు. మైనస్ 20 దగ్గర బ్లాక్ హీటర్‌తో మైలేజ్ 10 శాతం దాకా మెరుగుపడొచ్చని కెనడా ప్రభుత్వ సహజ వనరుల శాఖ చెబుతుంది. 750 వాట్ల హీటర్ మూడు గంటలు వేస్తే రెండున్నర యూనిట్ల లోపే. మా దగ్గర యూనిట్ పదీ పన్నెండు సెంట్లు. రోజుకి పావు డాలరు. లోపల హీటరు కూడా త్వరగా వెచ్చటి గాలి ఇస్తుంది. అద్దం మీద మంచు కరగడానికి ఇరవై నిమిషాలు ఆన్ చేసి ఉంచాల్సిన పని తప్పుతుంది.

మా కుర్రాడి బండికి హీటర్ లేదు, డాలస్‌లో దానితో పనేముంది? చీటీలో రాసిన డబ్బులో ఎన్నో వంతుకే బిగించుకున్నాడు. ప్లగ్గు పెట్టడం, అద్దాలు గీకేసి రెండు మూడు నిమిషాల్లో నెమ్మదిగా బయల్దేరడం, టైర్లకి గాలి, ఆఫీసు నుంచి వచ్చేటప్పుడే సరుకులు తెచ్చేసుకోవడం. ఇంతే చేశాడు. ఫిబ్రవరిలో 14 వచ్చింది. 19 మాత్రం రాలేదు, రాదని ముందే చెప్పాను. ఏప్రిల్లో మంచు కరిగాక 18 అని మెసేజ్ పెట్టాడు.

అలాగని మైలేజ్ పడిపోయిన ప్రతిసారీ నెపం చలి మీద తోసేయకండి. ఒక్క గుర్తు చెప్తాను. అరగంట నడిపాక కూడా వేడి చూపించే ముల్లు మధ్యకి రాకుండా కిందనే ఉంటే, హీటరు గాలి గోరువెచ్చగానే వస్తుంటే, థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోయిందేమో చూపించుకోవాలి. అది చిన్న భాగం, కానీ అది పాడైతే ఇంజిన్ ఎప్పటికీ పూర్తిగా వేడెక్కదు, మైలేజూ రాదు. ఇంజిన్ లైట్ వెలిగినా అంతే, చలి అని ఊరుకోకూడదు.

డీజిల్ పికప్ ఉన్నవాళ్లకి వేరే తలనొప్పి. డీజిల్‌లో ఉండే మైనం చలికి పేరుకుని ఫిల్టరు మూసుకుపోతుంది. అందుకే ఇక్కడ చలికాలంలో పల్చటి రకం కలిపి అమ్ముతారు. నది దాటి మిన్నెసోటాలోకి వెళ్తే వేసవిలో డీజిల్‌లో 20 శాతం బయోడీజిల్ కలపాలని చట్టం, చలికాలంలో దాన్ని 5 శాతానికి తగ్గిస్తారు. కారణం ఇదే. ఇది అమెరికా గొడవే అనుకోకండి. లద్దాఖ్‌లో ఇదే బాధ పడలేక మన ఇండియన్ ఆయిల్ 2019లో మైనస్ 33 దాకా పేరుకోని చలికాలపు డీజిల్ తెచ్చింది. చలికాలంలో హైదరాబాద్ నుంచి లేహ్‌కి సొంత బండి వేసుకెళ్లేవాళ్లు కింద పోయించుకున్న డీజిల్‌తో పైకెక్కితే ఏమవుతుందో ముందే విచారించుకోవడం మంచిది.

కరెంటు బండి ఉంటే ఈ బాధలుండవు కదా అంటారు కొందరు. ఎక్కువే ఉంటాయి. పెట్రోలు ఇంజిన్ తన వేడిని ఎలాగూ వృథా చేస్తుంది, ఆ వృథా వేడితోనే మనకి కాళ్లు వెచ్చబడతాయి. బ్యాటరీ బండిలో ఆ వేడి కూడా బ్యాటరీలోంచే రావాలి. మైనస్ 7 దగ్గర హీటరు వేసుకుని నడిపితే ఎలక్ట్రిక్ కార్లు వెళ్లగలిగే దూరం సగటున 41 శాతం తగ్గిందని అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ 2019లో పరీక్షించి చెప్పింది. అప్పట్నుంచి బండ్లు మెరుగుపడ్డాయి గానీ, మా ఊళ్లో కొనేముందు ఇంట్లో ఛార్జర్ ఉందా లేదా అన్నది మొదట చూసుకోవాలి.

ట్యాంకే కుంపటి

ఇప్పటిదాకా చెప్పింది డాలర్ల సంగతి. అసలు భయం వేరే. వేసవిలో నా 23 గ్యాలన్ల ట్యాంకు నిండితే 460 మైళ్లు. సగం ట్యాంకు అంటే 230 మైళ్లన్న ధీమా. జనవరి ఎదురుగాలిలో అదే సగం ట్యాంకు 140 మైళ్లకి మించి రాదు. ముల్లు ఒకే చోట ఉంటుంది, దాని అర్థం మారిపోతుంది. ‘ఇంకా ఇన్ని మైళ్లు వెళ్లొచ్చు’ అని డాష్‌బోర్డు చూపించే అంకె కొంతసేపటి క్రితం దాకా నడిపిన తీరు మీద వేసిన అంచనా. గాలి దిక్కు మారబోతోందని దానికి తెలియదు.

మూడేళ్ల క్రితం ఒక జనవరి సాయంత్రం గ్రాండ్ ఫోర్క్స్ నుంచి తిరిగొస్తున్నాను. బయల్దేరేముందు ముల్లు సగం పైనే ఉన్నా ట్యాంకు నింపాను. పైన ఆకాశం నిర్మలంగా ఉంది, చుక్కలు కనిపిస్తున్నాయి. నేల మీద మాత్రం పొలాల్లోంచి లేచిన మంచు పొడి రోడ్డుకి అడ్డంగా పాలపొంగులా పారుతోంది. గాలి పడమరకి తిరిగింది. ఇరవై నిమిషాల్లో ముందున్న లారీ ఎర్రదీపాలు కనిపించడం మానేశాయి. ఫోన్‌లో హెచ్చరిక వచ్చింది, ఇంటర్‌స్టేట్ మూసేస్తున్నారని. ఇక్కడ రహదారి ఎక్కే దారుల్లో రైలు గేట్లలాంటివి ఉంటాయి, తుఫాను వస్తే దించేస్తారు. దారి మధ్యలో హిల్స్‌బరో అనే చిన్న ఊరు తగిలింది. పాకుకుంటూ అందులోకి దిగాను.

అక్కడ బంకు పక్కన ఆపిన బండ్లలో ఒక చిన్న కారు, లోపల భార్యాభర్తలు, వెనక సీట్లో పసిపిల్ల. వాళ్ల ముల్లు ఎర్రగీత దగ్గరుంది. బంకు దొరికింది గనక సరిపోయింది. అదే ఇంకో పది మైళ్ల ముందు ఆగిపోయి ఉంటే? బయట మైనస్ 26. ఇంజిన్ ఆగిన బండిలో వెచ్చదనం ఎంతసేపు ఉంటుంది చెప్పండి! ఆ పిల్ల తల్లి నా చేయి పట్టుకుని ‘మీటరు 60 మైళ్లు చూపించింది, ఇల్లు 40 మైళ్లే కదా అనుకున్నాం’ అంది. తెల్లవారుజామున గేట్లు ఎత్తేదాకా బంకు లోపలే కాఫీ తాగుతూ కూర్చున్నాం.

ఇక్కడివాళ్లు పిల్లలకి డ్రైవింగ్ నేర్పేటప్పుడే చెప్పే మాట, చలికాలంలో ముల్లు సగానికి దిగనివ్వకు అని. దాని వెనక ఉన్న లెక్క ఇది. సగం ట్యాంకు అంటే నా బండిలో పదకొండున్నర గ్యాలన్లు. మంచులో ఇరుక్కుంటే గంటకి పది నిమిషాల చొప్పున ఇంజిన్ వేసుకోమని అమెరికా వాతావరణ శాఖ సలహా. గంటకి అర గ్యాలన్ లెక్కన ఆ పది నిమిషాలకి గ్యాలన్‌లో పన్నెండో వంతు. రోజంతా గడిచినా రెండు గ్యాలన్లే. అంటే సగం ట్యాంకుతో ఒక రాత్రి కాదు, రెండు మూడు రోజులు ప్రాణం నిలుపుకోవచ్చు. పావు ట్యాంకుకి దిగాక, హడావిడిలో ఇంజిన్ ఆపకుండా ఉంచేస్తే అదే పెట్రోలు సగం రోజుకి అయిపోతుంది.

ఇంజిన్ వేసే ముందు తప్పకుండా చేయాల్సింది ఒకటుంది. దిగి, వెనక పొగగొట్టం చుట్టూ పేరుకున్న మంచు తీసేయాలి. అది మూసుకుపోతే పొగ లోపలికి వస్తుంది. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే మనిషి పోతాడు. కిటికీ ఒకటి, గాలి వీచే వైపు కాకుండా రెండో వైపుది, వేలెడంత దించి ఉంచాలి. ఇల్లు వెతుక్కుంటూ దిగి నడవకూడదు. తెల్లటి గాలిలో పదడుగుల తర్వాత బండి ఎటుందో తెలియదు.

నవంబరు మొదటి ఆదివారం మా ఇంట్లో దీపావళి సామాన్లు సర్దేసే రోజు. అదే రోజు బండి వెనక సీటు కింద పెట్టె కూడా సర్దుతాను. చిన్న పార, రెండు ఉన్ని దుప్పట్లు, టార్చి, ఇసుక సంచి, బ్యాటరీ కేబుళ్లు, ఫోన్ ఛార్జర్, మందపాటి చేతి తొడుగులు. నీళ్ల సీసాలు పెడితే రాయి అయిపోతాయి, అవి రోజూ ఇంట్లోంచి తీసుకెళ్లాల్సిందే. చాక్లెట్లు కొరకలేం. అమ్మ పంపిన జంతికల డబ్బా ఒకటి పెడతాను. మైనస్ 30లోనూ వాటికేమీ కాదు.